లేడని నిరూపించాల్సింది ఎవరు?

దేవుడి గురించిన వాదన మన ఇళ్లలో ఎక్కడ మొదలైనా చివరికి ఒక్క ప్రశ్న దగ్గరకు వచ్చి ఆగుతుంది: "సరే, లేడని నువ్వు నిరూపించు చూద్దాం." నేను నాస్తికుణ్ణే అయినా ఈ ప్రశ్నను తేలిగ్గా తోసిపుచ్చలేను. అడిగేవారికి తెలిసినా తెలియకపోయినా, దీని వెనుక సుమారు వెయ్యేళ్లనాటి గట్టి తర్కం ఒకటి ఉంది.

అది మిథిలకు చెందిన నైయాయికుడు, అంటే న్యాయ దర్శనాన్ని అనుసరించే తార్కికుడు, ఉదయనాచార్యుడిది. ఈశ్వరుణ్ణి స్థాపించడానికే ఆయన న్యాయకుసుమాంజలి రాశాడు. కనబడనంత మాత్రాన లేనట్టేనా అన్న చిక్కును అందులో మూడో స్తబకంలో, అంటే మూడో అధ్యాయంలో, ఎత్తుకున్నాడు. నేల మీద కుండ లేదని మనం ఎలా చెబుతాం? వెలుతురు ఉంది, కళ్లు బాగున్నాయి, కుండే ఉంటే తప్పక కనబడేది. కనబడలేదు కాబట్టి లేదంటాం. అంటే కనబడదగినది కనబడకపోతేనే అది లేదని తేలుతుంది. ఈశ్వరుడు ఇంద్రియాలకు అందేవాడు కాడు కనుక, ఆయన కనబడకపోవడం వల్ల ఏదీ తేలదు. అలాగైతే కుందేటికి కొమ్ము ఉందని కూడా అనవచ్చు కదా అంటే, కొమ్ము కనబడే జాతి వస్తువని, ఉంటే కనబడేదేనని ఆయన సమాధానం. ఇంత నిక్కచ్చిగా ఆలోచించిన ప్రతివాది దొరకడం నాస్తికులకు అదృష్టమనే నేననుకుంటాను.

1952లో రాసిన ఒక వ్యాసంలో బ్రిటిష్ తత్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్ ఈ సమాధానానికి లొంగని ఉదాహరణ ఇచ్చాడు. భూమికీ అంగారకుడికీ నడుమ ఒక పింగాణీ టీపాట్ సూర్యుడి చుట్టూ తిరుగుతోందని, ఎంత శక్తిమంతమైన టెలిస్కోపుకూ అది అందదని ఎవరైనా అంటే, కాదని నిరూపించడం ఎవరి తరమూ కాదు. అంతమాత్రాన నమ్మాల్సిన పనీ లేదు. కుందేటి కొమ్ము కనబడేది, ఈ టీపాట్ కనబడనిది. కనుక ఉదయనుడి జవాబు దీనికి చాలదు.

అయితే "లేడని తేలలేదు" అన్న దగ్గరే ఉదయనుడు ఆగిపోలేదు. ఉన్నాడనడానికి హేతువులను ఐదో స్తబకంలో వరుసగా ఇచ్చాడు. కుండకు కుమ్మరి ఉన్నట్టే, పుట్టిన వస్తువులైన భూమికీ మొలకలకూ ఒక కర్త ఉండి తీరాలన్నది వాటిలో మొదటిది. అంటే రుజువు చేయాల్సిన బాధ్యతను ఆయన తన నెత్తినే వేసుకున్నాడు. "నువ్వే నిరూపించు" అని సవాలు చేసే నేటి ఆస్తికులు మూడో స్తబకాన్ని తీసుకుని ఐదోదాన్ని వదిలేస్తున్నారు. ఆ కుమ్మరి హేతువు కూడా నిలుస్తుందని నేననుకోను. మనం చూసిన కర్తలందరూ శరీరం ఉన్నవారే, మట్టిని చేతులతో పిసికినవారే. శరీరమే లేని కర్తకు అదే నియమాన్ని ఎలా వర్తింపజేస్తారన్న బౌద్ధ తార్కికుల అభ్యంతరానికి నాకు తృప్తికరమైన జవాబు దొరకలేదు.

లోకంలో ఏ మార్పూ తేని ఈశ్వరుణ్ణి నమ్మేవారితో నాకు తగవు లేదు. కానీ మన ఊళ్లలో మొక్కులందుకునే దేవుడు రోగాలు నయం చేస్తాడు, నిప్పుల గుండంలో భక్తుల పాదాలను కాపాడతాడు. అక్కడ మాట కనబడదగిన ఫలితం గురించి కనుక, ఉదయనుడి నియమమే నాస్తికుడి చేతికి వస్తుంది. దేవుడి రక్షణే పాదాలను కాపాడుతోందంటే, భక్తి లేని పాదం కాలాలి. గోరా, సరస్వతీ గోరా దంపతులు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో స్థాపించిన నాస్తిక కేంద్రం వారు ఏ పూజా లేకుండా జనం ఎదుట నిప్పుల మీద నడిచి చూపించారు. బొగ్గు వేడిని నెమ్మదిగానే అందిస్తుంది, ఆలోపే అడుగు పైకి లేస్తుంది; అందుకే వారి పాదాలూ కాలలేదు.