2022–23: నాపోలి గెలిచిన ఏడాది, ఇటలీకి స్ట్రైకర్ దొరకని ఏడాది

2023 మే 4 రాత్రి ఉదీనేలో నేపుల్స్ నగర క్లబ్ నాపోలికి ఇటలీ ఫుట్‌బాల్ లీగ్ గెలవడానికి కావాల్సింది ఒక్క పాయింటే. 13వ నిమిషంలోనే లోవ్రిచ్ గోల్ కొట్టి ఆ ఊరి జట్టు ఉదినేజేని ముందుకు తీసుకెళ్లాడు. 52వ నిమిషంలో నాపోలి వింగర్ క్వరత్స్‌ఖేలియా షాట్‌ని కీపర్ ఆపినా బంతి చేతికి చిక్కలేదు. అది స్ట్రైకర్ ఒసిమెన్ ముందు పడింది, అతను ఒక్క దెబ్బతో నెట్‌లోకి పంపాడు. 1-1. ఇంకా 5 మ్యాచ్‌లు ఉండగానే లీగ్ ఖాయమైంది. 1987, 1990 తర్వాత ఇది మూడో స్కుదెత్తో (లీగ్ టైటిల్), అంటే 33 ఏళ్ల ఎదురుచూపు. మన గడియారంలో అప్పటికి అర్ధరాత్రి దాటింది. ఇటలీలో రాత్రి 8:45కి మొదలయ్యే మ్యాచ్ మనకు వేసవిలో 12:15కి, చలికాలంలో 1:15కి వస్తుంది.

ఆ జట్టు మీద సీజన్ ముందు ఎవరికీ పెద్ద ఆశల్లేవు. కూలిబాలీ, ఇన్సీన్యే, మెర్తెన్స్, ఫాబియాన్ రూయిజ్ ఒకే వేసవిలో వెళ్లిపోయారు. డిఫెన్స్‌కి తుర్కియే క్లబ్ ఫెనర్‌బాచే నుంచి కిమ్ మిన్-జే, ఎడమ వింగ్‌కి జార్జియా లీగ్‌లో ఆడుతున్న క్వరత్స్‌ఖేలియా వచ్చారు. వెళ్లినవాళ్ల పేర్లు పెద్దవి. కానీ కోచ్ స్పల్లెత్తి పేర్లను బట్టి కాదు, ఖాళీలను బట్టి జట్టు కట్టాడు.

ఆ 4-3-3 (నలుగురు డిఫెండర్లు, ముగ్గురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు) ఎలా పనిచేసిందో చూడాలంటే కళ్లు మధ్య మిడ్‌ఫీల్డర్ లొబోట్కా మీద పెట్టాలి. సెంటర్‌బ్యాక్‌లు రహ్మానీ, కిమ్ పక్కలకు జరుగుతారు, వాళ్ల ముందుకు లొబోట్కా దిగి బంతి అడుగుతాడు. ఎదుటి జట్టు అతనికి ఒక మనిషిని అంటగడితే మిగతా మిడ్‌ఫీల్డర్లు అంగీసా గానీ జీలిన్‌స్కీ గానీ కిందికి వస్తాడు, రైట్‌బ్యాక్ దీ లోరెంజో మధ్యలోకి జరిగి ఇంకో దారి చూపిస్తాడు. ప్రెస్ చేద్దామని, అంటే మీదపడి బంతి లాక్కుందామని, ఎదుటివాళ్లు పైకొస్తే వాళ్ల వెనక మైదానం ఖాళీ అవుతుంది, అక్కడికి ఒసిమెన్ పరుగు తీస్తాడు. భయపడి వెనక్కి తగ్గితే బంతి ఎడమ అంచున క్వరత్స్‌ఖేలియాకి చేరుతుంది, ఫుల్‌బ్యాక్ అతనికి ఒంటరిగా దొరుకుతాడు. ముందుకెళ్తే నుయ్యి, వెనక్కెళ్తే గొయ్యి. జనవరి 13న యువెంటస్‌కి జరిగింది ఇదే. అప్పటికి ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా వరసగా 8 లీగ్ మ్యాచ్‌లు గెలిచిన జట్టు 5-1తో ఓడి ఇంటికెళ్లింది.

జనవరి 29న రోమా మీద 17వ నిమిషంలో వచ్చిన గోల్‌ని నెమ్మదిగా చూడండి. ఎడమ నుంచి క్వరత్స్‌ఖేలియా క్రాస్ వేస్తాడు. ఒసిమెన్ బంతిని ఛాతీతో ఆపుతాడు, తొడతో ఇంకోసారి పైకి లేపుతాడు, నేల తాకనివ్వకుండానే కుడికాలితో నెట్ పైకప్పు కిందికి కొడతాడు. డిఫెండర్ పక్కనే ఉన్నా కాలు పెట్టే వీలు దొరకదు. ఆ సీజన్లో నేను మళ్లీ మళ్లీ చూసే గోల్ ఇదే.

పోటీ ఎంత ఏకపక్షంగా సాగిందో అంకెలు చెబుతాయి. ఖతార్ ప్రపంచకప్ కోసం లీగ్ ఆగేసరికి 15 మ్యాచ్‌ల్లో 13 విజయాలు, 2 డ్రాలు, 41 పాయింట్లు. మొదటి ఓటమి జనవరి 4న ఇంటర్ చేతిలో, 1-0. చివరికి 28 విజయాలు, 6 డ్రాలు, 4 ఓటములతో 90 పాయింట్లు. రెండో స్థానంలో ఉన్న లాజియోకి 74.

మరి ఈ యంత్రం ఎక్కడ ఆగింది? మార్చిలో నైజీరియాకి ఆడుతూ ఒసిమెన్ గాయపడ్డాడు. ఏప్రిల్ 2న సొంత మైదానంలో మిలాన్ 4-0తో కొట్టింది. డిఫెన్స్ వెనక ఖాళీలోకి పరుగెత్తే మనిషి లేకపోతే ఎదుటి డిఫెండర్లు ధైర్యంగా పైకొచ్చి నిలబడతారు, మధ్యలో జాగా ఇరుకవుతుంది, లొబోట్కాకి ఊపిరాడదు. పది రోజుల తర్వాత ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్ మొదటి లెగ్‌లో అదే మిలాన్ మీద మిడ్‌ఫీల్డర్ ఎల్మాస్‌ని స్ట్రైకర్ స్థానంలో ఆడించాల్సి వచ్చింది, 0-1తో ఓటమి. ఆ మ్యాచ్‌లో అంగీసాకి రెడ్ కార్డ్ పడింది, కిమ్‌కి కూడా తర్వాతి మ్యాచ్ నిషేధం వచ్చింది. రెండో లెగ్‌కి ఒసిమెన్ తిరిగొచ్చాడు గానీ ఈ ఇద్దరూ లేరు. క్వరత్స్‌ఖేలియా పెనాల్టీని మిలాన్ కీపర్ మెన్యాన్ ఆపేశాడు. రెండు మ్యాచ్‌లూ కలిపి 2-1తో మిలాన్ ముందుకెళ్లింది.

యువెంటస్ పాయింట్ల గొడవ గురించి రెండు మాటలు చాలు. ఆటగాళ్ల అమ్మకాల లెక్కల కేసులో జనవరిలో 15 పాయింట్లు కోశారు, ఏప్రిల్లో ఆ శిక్షను పక్కన పెట్టారు, మేలో 10 కోశారు. పాత పట్టికలు చూసేటప్పుడు తేదీ గమనించకపోతే అయోమయమే. చివరికి 62తో 7వ స్థానం. పట్టిక కింద, దిగువ లీగ్‌కి పడిపోయే అంచున, వెరోనా, స్పెజియా చెరి 31 పాయింట్లతో ఆగాయి. ఆ ఏడాది కొత్త నిబంధన ప్రకారం ఇద్దరి మధ్య విడిగా ఒక మ్యాచ్ పెట్టారు, వెరోనా 3-1తో గెలిచి లీగ్‌లో నిలిచింది.

యూరప్‌లో ఇటలీ క్లబ్బులు మూడు కప్పుల్లోనూ ఫైనల్‌కి చేరాయి, 11 రోజుల్లో మూడూ ఓడిపోయాయి. మే 31న రోమా సెవియా చేతిలో పెనాల్టీల్లో, జూన్ 7న ఫియొరెంటీనా వెస్ట్‌హామ్ చేతిలో చివరి నిమిషంలో, జూన్ 10న ఇంటర్ మాంచెస్టర్ సిటీ చేతిలో 1-0తో. మరుసటి రోజు అండర్-20 ప్రపంచకప్ ఫైనల్లో ఉరుగ్వే చేతిలో కుర్రాళ్లూ 1-0తోనే ఓడారు. ఆ టోర్నీలో అందరికంటే ఎక్కువగా 7 గోల్స్ కొట్టింది ఇటలీ కుర్రాడు కాసాడెయ్. అతను ఆడేది మిడ్‌ఫీల్డ్‌లో.

అసలు బాధంతా అక్కడే ఉంది. ఆ సీజన్ లీగ్ గోల్స్ పట్టికలో తొలి నలుగురూ విదేశీయులు: ఒసిమెన్ 26, లౌతారో 21, దియా 16, లెయావ్ 15. క్లబ్‌కి సెంటర్ ఫార్వర్డ్ లేకపోతే కొనుక్కుంటుంది. జాతీయ జట్టు ఎక్కడ కొంటుంది? 2022 మార్చిలో పలెర్మోలో ఉత్తర మాసిడోనియా చేతిలో 1-0తో ఓడి ప్రపంచకప్‌కి దూరమైన ఇటలీ కోచ్ మంచీని చివరికి అప్పట్లో అర్జెంటీనా లీగ్‌లో ఆడుతున్న స్ట్రైకర్ రెతేగీని పిలిచాడు, తాత ఇటలీలోని సిసిలీవాడని. 2023 మార్చి 23న నేపుల్స్‌లో, నాపోలి సొంత మైదానమైన మరడోనా స్టేడియంలో, రెతేగీ మొదటి మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు. అయినా ఇంగ్లండ్ 2-1తో గెలిచింది. ఇటలీ గడ్డ మీద ఇంగ్లండ్ గెలవడం 1961 తర్వాత అదే మొదలు. జూన్‌లో నేషన్స్ లీగ్ సెమీస్‌లో స్పెయిన్ చేతిలో 2-1తో ఓటమి, తర్వాత నెదర్లాండ్స్ మీద 3-2తో మూడో స్థానం. ఆ మూడు గోల్స్ దిమార్కో, ఫ్రత్తేజీ, కియేజావి. ఒక వింగ్‌బ్యాక్, ఒక మిడ్‌ఫీల్డర్, ఒక వింగర్.

ఆగస్టులో మంచీని తప్పుకున్నాడు. నాపోలిని వదిలేసిన స్పల్లెత్తి ఆ కుర్చీలోకి వచ్చాడు. సెప్టెంబర్ 9న స్కోప్యేలో అతని మొదటి మ్యాచ్, ఎదురుగా మళ్లీ ఉత్తర మాసిడోనియా. 1-1 డ్రా. ఇటలీ గోల్ కొట్టింది 33 ఏళ్ల స్ట్రైకర్ ఇమ్మోబిలే.