శెనక్కాయ చేను మీద మబ్బు నీడ

అనంతపురంలో మా పిన్ని వాళ్లింటి ముందుగదిలో ఒక పెద్ద ఆయిల్ పెయింటింగ్ ఉంది. కల్యాణదుర్గం వైపు డ్రాయింగ్ మాస్టారు ఒకాయన గీసిచ్చారట. శెనక్కాయ చేను, మధ్యమధ్యన కంది సాళ్లు, వెనక బోడి రాతిగుట్ట. సగానికి మించి ఆకాశమే. పొలం బొమ్మ అంటే కొబ్బరిచెట్లూ, కాలువా, పచ్చటి వరీ చూడటమే మనకు అలవాటు. వానను నమ్ముకున్న మెట్టచేనును ఇంత ప్రేమగా గీసిన బొమ్మ నేనెక్కడా చూడలేదు.

చాలాసేపు దాని ముందే నిలబడిపోయాను. అందులో నేలంతా ఒకే ఎరుపు కాదు. మబ్బు నీడ పడినంత మేర ముదురుగా ఉంది, ఎండ తగిలిన చోట ఇటుకపొడి రంగుకు తేలింది. ఆకుపచ్చను ఆయన ఎక్కడా పెంచలేదు. వానకు మొహం వాచిన మొక్కకు ఎంత పచ్చదనం ఉంటుందో అంతే వేశారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ నిజాయితీ.

మర్నాడు పొద్దున్నే ఆత్మకూరు మీదుగా కల్యాణదుర్గం బస్సెక్కాను. శ్రావణమాసం. దారిలో ఒకచోట దిగి గెనాల వెంట నడిచాను. గాలి బాగా తోలుతోంది. మబ్బుల నీడలు చేను వెంట చేను దాటి పోతున్నాయి గానీ చినుకు లేదు. నైరుతి మబ్బులు చాలావరకు పడమటి కనుమల అవతలే కురిసేస్తాయి. ఈశాన్య వానలకేమో ఇది సముద్రానికి దూరం. ఏడాది మొత్తానికీ ఇక్కడ పడేది సుమారు 550 మిల్లీమీటర్లు. ఎర్రనేల లోతు తక్కువ, పడిన నీటిని ఎక్కువ రోజులు పట్టి ఉంచలేదు. బొమ్మలో ఆ నీడ ఎందుకంత బరువుగా ఉందో అక్కడ నిలబడితే తెలిసింది.

ఒక చేలో కలుపు తీస్తున్న పెద్దాయనకు ఫోన్లో బొమ్మ ఫొటో చూపించాను. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"పూత అయి ఊడలు దిగే టైములో గీసినాడు నాయనా. ఆకు ముడుచుకోనుంది, చూసినావా? ఈ పొద్దు వాన పడాల."

ఊడలంటే పూత రాలాక నేలలోకి దిగి కాయ కట్టే కాడలు. బొమ్మలో మొక్కల మీది ఆ సన్నటి గీతలు ఒట్టి కుంచె వాటం కాదన్నమాట. నీళ్లు చాలక దగ్గరికి మడుచుకున్న ఆకులవి. ఆయన అంతటితో ఆగలేదు. ఫొటో పెద్దది చేయించి కంది సాళ్ల ఎడం చూశాడు. ఏడు సాళ్లు శెనక్కాయ, ఒక సాలు కంది. "లెక్క సరిగ్గా ఉంది" అన్నాడు. కంది వేరు లోతుకు పోతుంది కాబట్టి శెనక్కాయ దెబ్బతిన్నా, వెనక వచ్చే వానలకు అదైనా నాలుగు గింజలు ఇస్తుందని చెప్పాడు. ఏ విమర్శకుడూ ఆ బొమ్మను ఇంత బాగా చదవలేడు.

కార్తీకం వచ్చేసరికి శెనక్కాయ పీకేస్తారు. ఆ తర్వాత చేలో కంది ఒక్కటే పసుపు పూతతో నిలబడి ఉంటుంది. మాస్టారు దాన్ని కూడా గీశారేమో పిన్నిని అడగాలి. గీసి ఉంటే ఎక్కడున్నా వెళ్లి చూస్తాను.