కుద్రేముఖ్‌కి పోయొచ్చాం, జలగలతో సహా

ముందు జలగల సంగతి చెప్పేస్తా, ఎందుకంటే పోయొచ్చి నాలుగు రోజులైంది ఇంకా చీలమండల దగ్గర దురద తగ్గలేదు. ఆఫీసులో టేబుల్ కింద కాలితో కాలు గోక్కుంటూ కూర్చున్నా, పక్క సీటావిడ అదోలా చూస్తోంది.

వినాయక చవితి అయిన తర్వాతి వారం, కర్ణాటక పడమటి కనుమల్లో ఉన్న కుద్రేముఖ్ కొండ ఎక్కుదామని మేం నలుగురం, అందరం బెంగళూరు మారతహళ్ళి చుట్టుపక్కలే ఉంటాం, మెజెస్టిక్‌లో రాత్రి బస్సెక్కి కళస దిగాం. ఘాట్ రోడ్డులో నిద్రేం పట్టలేదు, మా రూమ్మేట్ అయితే కొట్టిగెహార దాటేవరకు కవర్ చేతిలో పట్టుకునే ఉన్నాడు పాపం. కళసలో ఇడ్లీ తిని జీప్ మాట్లాడుకుని ముళ్ళోడి దాకా పోయాం. చివరి కొన్ని కిలోమీటర్లు రోడ్డు అనడానికి లేదు, రాళ్ళ మీద జీప్ ఎగురుతుంటే నా తల పైన కమ్మీకి రెండుసార్లు కొట్టుకుంది. పర్మిషన్ ఫారెస్టువాళ్ళ దగ్గర ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, గైడ్ లేకుండా పంపరు. బ్యాగులు తెరిచి ప్లాస్టిక్ ఉందా అని చూస్తారు, బిస్కెట్ ప్యాకెట్లతో సహా లెక్క రాసుకున్నారు, నాకైతే అది బాగా నచ్చింది.

అక్కణ్ణించి నడకే, పోనురాను 20 కిలోమీటర్ల పైనే. శిఖరం 1,892 మీటర్లు, కర్ణాటకలో ముళ్ళయ్యనగిరి (1,930) దీనికన్నా కొంచెమే ఎత్తు. మొదట ఇళ్ళూ వరి మళ్ళూ, తర్వాత వాగులు, ఒక్కో వాగు దాటినప్పుడల్లా షూ విప్పడమా తడుపుకోవడమా అని చర్చ, మూడో వాగు దగ్గర చర్చలు ఆపేసి అందరం షూలతోనే దిగిపోయాం. అడవిలోకి దూరగానే జలగలు మొదలు. లీచ్ సాక్స్ అని ఆరొందలు పెట్టి కొన్నా, వాటిమీదే పాక్కుంటూ మోకాలి దాకా వచ్చి అక్కడ కరిచాయి. గైడ్ పంచెలో మూట కట్టుకున్న ఉప్పు తీసి రుద్ది, పీకొద్దు సార్ అన్నాడు. అది కరిచినప్పుడు నొప్పే తెలీదు, దాని లాలాజలంలో రక్తం గడ్డకట్టనివ్వని మందులాంటిది ఉంటుంది, అందుకే ఊడిపోయాక కూడా గంటసేపు కారుతూనే ఉంటుంది.

ఒంటిమర అని ఒక చోటు ఉంది, ఒంటరి చెట్టు అన్నమాట, అక్కడ్నించి అడవి అయిపోయి అంతా గడ్డి కొండలే. నేను అనుకున్నది వేరు, కొండంతా అడవే ఉంటుంది అనుకున్నా. ఇక్కడ మాత్రం కొండ వీపంతా గడ్డి, మడతల్లో, నీళ్ళు జారే సందుల్లో మాత్రం పొట్టి చెట్లు గుంపుగా నల్లగా దట్టంగా, వీటిని శోలలు అంటారు. గైడ్ ఒక శోల పక్కన కూర్చోబెట్టి వినమన్నాడు. వాన లేదు, అయినా లోపల టపటపా చుక్కలు పడుతున్నాయి, మంచు ఆకులకు పట్టి, కొమ్మల మీది నాచుకు పట్టి కిందకి దిగుతోంది. ఆ నేల స్పాంజిలాగా తాగి ఎండాకాలమంతా కొంచెం కొంచెంగా వదుల్తుందంట. తుంగ, భద్ర, నేత్రావతి మూడూ ఈ నేషనల్ పార్క్‌లోనే, గంగామూల దగ్గర పుడతాయి అని కూడా ఆయనే చెప్పాడు.

నాకు అక్కడ కొంచెం ఝల్లుమంది. మాది అనంతపురం జిల్లా కణేకల్లు వైపు. తుంగా భద్రా కూడ్లి దగ్గర కలిసి హోస్పేట డ్యాముకు వస్తాయి, అక్కణ్ణించి హెచ్చెల్సీ (హైలెవల్ కెనాల్) కాలవలో మావైపు వస్తాయి. చిన్నప్పుడు ఈత నేర్చుకుంది ఆ కాలవలోనే, కానీ నీళ్ళంటే హోస్పేటలో పుడతాయి అన్నట్టే పెరిగాం, దాని వెనక ఏముందో ఎవరం అడగలేదు.

ఇంకోటి కూడా ఉంది. ఈ కొండల్లో ఇనుము ఉంది. 1976లో ప్రభుత్వ కంపెనీ పెట్టి తవ్వారు, అసలు ఇరాన్‌కి అమ్మడానికి, అక్కడ విప్లవం వచ్చి వాళ్ళు కొనడం మానేశారు. మన్నంతా భద్ర నదిలోకి పోతోందని కేసు నడిచి, 2002లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, 2005 చివరికి తవ్వకం ఆగిపోయింది. మా నాయన బళ్ళారి వైపు ఖనిజం లారీ తోలేవాడు, ఇంటికొస్తే చొక్కా ఎర్రగా, చెవుల్లో కూడా దుమ్మే, మా వీధిలో వేపచెట్లు కూడా ఎర్రగానే ఉండేవి. 2011లో అక్కడా కోర్టు ఆపేసింది, రెండేళ్ళు ఇంట్లో చాలా కష్టమైంది. కాబట్టి తవ్వకం ఆపినందుకు చప్పట్లు కొట్టడం నాకంత ఈజీగా రాదు. కానీ ఆ శోల పక్కన కూర్చున్నప్పుడు ఇది తవ్వేసుంటే అన్న ఆలోచన కూడా రాకుండా ఉండదు కదా.

శిఖరం చూడలేదు. ఇంకో గంట నడక ఉందనగా మంచు ఎంత కమ్మిందంటే ముందున్నవాడి బ్యాగ్ రంగు కూడా కనపడట్లా, గాలికి నిలబడలేకపోయాం, గైడ్ ఇంక చాలు అని వెనక్కి తిప్పేశాడు. రూమ్మేట్ దిగేంతసేపూ గొణుగుతూనే ఉన్నాడు, రీల్ తీయలేదని. రాత్రి హోమ్‌స్టేలో అక్కి రొట్టి, వేడి వేడి రసం, అది తాగిన తర్వాత గొణుగుడు ఆగింది.

బెంగళూరు వచ్చాక నాయనకి ఫోన్ చేశా. ఇనుప కొండకి పోయినా నాయనా అంటే వెంటనే గ్రేడెంత అన్నాడు, అంటే ఖనిజంలో ఇనుము ఎంత శాతం అని. 38 శాతమే అన్నా. థూ, మనది అరవైకి పైమాటే అన్నాడు. ఇక్కడ లారీలు లేవంట, ఖనిజం పొడిని నీళ్ళలో కలిపి 67 కిలోమీటర్ల పైపులో మంగళూరు పోర్టుకి పంపేవాళ్ళంట అని చెప్పా. కాసేపు ఏం మాట్లాడలా.

"పైపులోనా? అట్లయితే మాకు ఆడ పనే ఉండేది కాదు లేరా" అని, "కాలవలో నీళ్ళు బాగొస్తున్నాయ్ ఈసారి" అన్నాడు.