పొద్దున ఒక సాక్సు, సాయంత్రానికి మూడు

పెట్టుడు కాలు వచ్చి మొన్నటికి పద్నాలుగు నెలలు. కొట్టుకి వచ్చినవాళ్ళంతా అడిగేది ఒకటే: "అలవాటైపోయిందా అక్కా?" అయిందమ్మా అంటాను. అసలు సంగతి చెప్పాలంటే కాసేపు కూర్చోవాలి, జాకెట్టు కొలతలిచ్చి వెళ్ళిపోయేవాళ్ళకి అంత తీరికెక్కడిది? అందుకే ఇక్కడ రాస్తున్నాను.

చీరాలలో లేడీస్ టైలర్ని. పదకొండేళ్ళుగా షుగరుంది. కుట్టు కొట్టన్నాక గుండుసూదులు కింద పడకుండా ఉండవు. ఒకటి కుడి అరికాల్లో దిగి ఎన్నాళ్ళుందో నాకే తెలీదు. షుగరుతో పాదాల్లో స్పర్శ పోయింది, నొప్పి తెలియలేదు. మిషను కింద తడి కనిపిస్తే నూనె కారిందేమో అనుకున్నాను. చీము ఎముక దాకా పాకింది. మోకాలి కింద జానెడు ఉంచి తీసేశారు. ఆస్పత్రి రోజుల గురించి ఇంతకంటే రాయబుద్ధి కావడం లేదు.

గాయం మానాక క్రేప్ బ్యాండేజీ చుట్టుకోవడమే పనైంది. మొండికాలు వాపు దిగి ఒక రూపానికొస్తే గానీ కొలత తియ్యరు. గాజుల్లా గుండ్రంగా చుట్టకూడదు, రక్తం ఆడదు. ఎనిమిది అంకెలా ఏటవాలుగా, కింద బిగువుగా, పైకొచ్చేకొద్దీ వదులుగా చుట్టాలి. ఫిజియోథెరపీ అమ్మాయి ఒక్కసారి చూపిస్తే వచ్చేసింది. క్రాసు బట్ట ఎటు లాగితే ఎటు సాగుతుందో తెలిసిన చెయ్యి కదా! మోకాలి కింద దిండు పెట్టుకున్నందుకు మాత్రం ఆ అమ్మాయితో రోజూ చివాట్లే. హాయిగానే ఉంటుంది, కానీ మోకాలు వంగినట్టే బిగుసుకుపోతే ఇక కాలు పెట్టుకుని నడవడం కష్టమట.

పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళూ నాట్యకారిణి సుధాచంద్రన్ పేరెత్తారు. ఆవిడ కాలు పోయాక, జైపూర్ కాలు అనే పెట్టుడు కాలితో మళ్ళీ నాట్యం చేసింది, నిజమే. నాకు రెండు కాళ్ళున్నప్పుడే నాట్యం రాదు. నాకు కావలసిందల్లా రాత్రి బాత్రూమ్ దాకా వెళ్ళి రావడం. ఆపరేషనైన కొత్తలో నిద్రమత్తులో కాలు లేదన్న సంగతి మరిచి మంచం దిగి పడ్డాను. అప్పట్నుంచి వాకర్ని మంచానికి చీరకొంగుతో కట్టి పడుకునేదాన్ని.

నాదీ జైపూర్ కాలే, ఉచిత క్యాంపులో ఇచ్చారు. ఈ పాదాన్ని 1968లో జైపూర్‌లోని డాక్టర్ పి.కె.సేఠీ, రామచంద్ర శర్మ అనే పనివాడు కలిసి తయారుచేశారట. చేతిపనివాడి బుర్ర పెట్టిన వస్తువని చూస్తేనే తెలుస్తుంది. చెప్పుల్లేకుండా నడవొచ్చు, తడిలో అడుగు పెట్టొచ్చు. గుమ్మం దగ్గర చెప్పులు విడవకుండా మన ఇళ్ళలో ఎవరు రానిస్తారు?

చిక్కంతా పాదంతో కాదు, కాలు దూర్చే సాకెట్‌తో. ఎముక చివర మీద నిలబడతామనుకున్నాను. కాదు, బరువు మోకాలిచిప్ప కింద, పిక్క చుట్టూ పడాలి. చివర తగిలిందా, ప్రాణం లేచొస్తుంది. జాకెట్టు వేసుకున్న మనిషి పొద్దుటికీ సాయంత్రానికీ చిక్కిపోదు, మొండికాలు చిక్కిపోతుంది. పొద్దున మొండికాలికి తొడిగిన ఒక సాక్సుతో పట్టిన సాకెట్ మధ్యాహ్నానికి లూజు. కాలు లోపలికి దిగి అడుగున తగులుతుంది. ఇంకో సాక్సు. దీపాలు పెట్టే వేళకి మూడోది.

సాక్సులు నేనే కుట్టుకుందామని మా ఆయన పాత బనియన్లు కత్తిరించాను. మొదటి దానికి అడుగున ఓవర్‌లాక్ కొట్టాను. ఇరవై ఏళ్ళ అనుభవం, బుద్ధి ఉండక్కర్లా? ఆ కుట్టు ఒరుసుకుని సాయంత్రానికి శనగగింజంత పొక్కు. పది రోజులు కాలు మూలన పెట్టి మళ్ళీ కర్రలే. ఇప్పుడు కుట్టు బయటి వైపుకి, అదీ పక్కకి. రాత్రి సబ్బుతో కడిగి, ఆరబెట్టి, చేతి అద్దంలో అడుగుభాగం చూసుకుంటాను. కాసేపటికి పోయే ఎరుపైతే పర్లేదు. పోకపోతే మర్నాడు కాలు పెట్టను.

ఎండాకాలం మాట చెప్పక్కర్లేదు. మే నెలలో సాకెట్ విప్పితే చెమట ధార కట్టింది.

తొక్కుడు మిషనుకి మోటారు పెట్టించాను. మొదట అలవాటుకొద్దీ కుడికాలే పెడల్ మీద వేశాను. ఎంత నొక్కుతున్నానో రబ్బరు పాదానికేం తెలుస్తుంది? మిషను పరుగెత్తి జాకెట్టు చెయ్యినీ వీపునీ కలిపి కుట్టేసింది. ఆ జాకెట్టు విప్పడానికి గంట పట్టింది. ఇప్పుడు పెడల్ ఎడమకాలి కింద.

లేని బొటనవేలు అప్పుడప్పుడు దురదపెడుతుంది. గోక్కోవడానికేమీ ఉండదు. ట్రయల్ అద్దాన్ని రెండు కాళ్ళ మధ్య అడ్డంగా పెట్టుకుని, అందులో కనిపించే ఎడమకాలి బొమ్మని చూస్తూ ఆ వేలు గోకమంది ఫిజియో అమ్మాయి. నవ్వొచ్చింది గానీ నాకైతే తగ్గింది. ఒకసారి ఎవరో తలుపు తోసుకొచ్చి, ఆ వాలకం చూసి వెనక్కి వెళ్ళిపోయారు.

ఈ మధ్య సాయంత్రానికి ఐదు సాక్సులు పడుతున్నాయి. సాకెట్ చూపిస్తే కొత్త అచ్చు తియ్యాలన్నాడు టెక్నీషియన్. "కాస్త పట్టెయ్యడానికి కుదరదా బాబూ?" అన్నాను.

"జాకెట్టుకైతే లోపల బట్ట వదులుతారు, దీనికెక్కడిదమ్మా?" అని నవ్వాడు.

గురువారం రమ్మన్నాడు. శ్రావణం పెళ్ళిళ్ళ జాకెట్లు పద్దెనిమిదున్నాయి, బుధవారానికల్లా ఇచ్చేయాలి. మా ఆయన బనియన్లు కూడా అయిపోయాయి.