మా మొదటి బైబ్యాక్: ఆ 5 లక్షల ఎంట్రీ

2025 జనవరిలో మా కంపెనీ బైబ్యాక్ చేసింది, అంటే తన షేర్లను తానే వాటాదార్ల దగ్గర్నుంచి వెనక్కి కొంది. మాది హైదరాబాద్‌లో చిన్న ప్రైవేట్ లిమిటెడ్, అకౌంట్స్ చూసేది నేనొక్కదాన్నే. అంతకుముందు ఒక్క బైబ్యాక్ ఎంట్రీ కూడా వేసి ఎరగను, చాలా టెన్షన్ పడ్డాను.

మూలధనం కోటి, 10 రూపాయల షేర్లు 10 లక్షలు. అందులో 50,000 షేర్లు ఒక్కోటి 120కి, మొత్తం 60 లక్షలకు వెనక్కి కొన్నాం. డబ్బిచ్చి షేర్లు కొన్నాం కాబట్టి నేను ఇన్వెస్ట్‌మెంట్స్‌కి డెబిట్ వేసేశాను. ఆడిటర్ గారు చూసి, "మన షేర్లు మనకే ఆస్తి ఎలా అవుతాయమ్మా? అమెరికా కంపెనీల్లా ట్రెజరీ స్టాక్ అని అట్టే పెట్టుకోవడం మనకు కుదరదు, 7 రోజుల్లో రద్దు చేసేయాలి" అన్నారు. అది తిప్పేసి, ముఖ విలువ 5 లక్షలు షేర్ కేపిటల్‌కి, దానికి మించి ఇచ్చిన 55 లక్షలు సెక్యూరిటీస్ ప్రీమియంకి (షేర్లు జారీ చేసినప్పుడు ముఖ విలువ కంటే ఎక్కువగా వచ్చిన డబ్బు ఉండే ఖాతా) డెబిట్ వేశాను. 2024 అక్టోబర్ 1 తర్వాతి బైబ్యాక్ కాబట్టి, అప్పటి పన్ను రూల్ ప్రకారం ఆ మొత్తమంతా డివిడెండ్ కిందే లెక్క, 10 శాతం టీడీఎస్ 6 లక్షలు మినహాయించి 54 లక్షలు చెల్లించాం.

బ్యాలెన్స్ షీట్ కలిసింది, హమ్మయ్య అనుకున్నాను. మర్నాడే ఆయన ఫోన్ చేసి "సీఆర్ఆర్ ఏదమ్మా?" అన్నారు. కంపెనీల చట్టం సెక్షన్ 69 ప్రకారం, రద్దయిన షేర్ల ముఖ విలువ ఎంతో అంత మొత్తాన్ని కేపిటల్ రిడెంప్షన్ రిజర్వ్‌కి, అంటే ఆయనడిగిన సీఆర్ఆర్‌కి మార్చాలి. జనరల్ రిజర్వ్ డెబిట్ 5 లక్షలు, సీఆర్ఆర్ క్రెడిట్ 5 లక్షలు. పైసా బయటికి పోదు, ఈక్విటీ మొత్తం మారదు, మరి ఈ ఎంట్రీ ఎందుకో నాకు ఎంతకీ అర్థం కాలేదు. ఆఫీసుకి వచ్చినప్పుడు ఆయన ఒక ఓచర్ వెనక 95 అని రాసి, పక్కన 5 అని రాసి, దాని చుట్టూ గట్టిగా గీత గీశారు. కోటి మూలధనం ఉందని నమ్మి మనకు అప్పిచ్చినవాళ్లున్నారు, ఇప్పుడది 95 లక్షలైంది, తగ్గిన 5 లక్షలకు బదులు లాభాల్లోంచి 5 లక్షలకు తాళం వేస్తున్నాం, డివిడెండ్‌గా పంచడానికి లేదు, కావాలంటే బోనస్ షేర్లు ఇవ్వొచ్చు అన్నారు. అప్పుడు వెలిగింది.

జూన్‌లో షేర్లను స్ప్లిట్ చేశాం, అంటే ఒక్కో షేరును ఐదుగా విడగొట్టాం. 10 రూపాయల షేరు 2 రూపాయలకు వచ్చింది, 9.5 లక్షల షేర్లు 47.5 లక్షలయ్యాయి, మూలధనం అదే 95 లక్షలు. ఎంట్రీ ఏమీ లేదు, 30 రోజుల్లో కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర ఎస్‌హెచ్-7 ఫారం ఫైల్ చేశాం.

డివిడెండ్ దగ్గర మళ్లీ తడబడ్డాను. బోర్డు మేలో ప్రతిపాదించిన 47.5 లక్షలకు మార్చి 31 తేదీతో ప్రొవిజన్ పెట్టబోయాను, అంటే అప్పటికే ఇవ్వాల్సిన బాకీగా చూపబోయాను, పాత ఫైళ్లలో అలాగే ఉంది మరి. 2016లో ఏఎస్-4 అనే అకౌంటింగ్ ప్రమాణం మారాక అలా కుదరదు, నోట్స్‌లో చూపిస్తే సరిపోతుంది. సెప్టెంబర్ ఏజీఎంలో (వాటాదార్ల వార్షిక సమావేశం) ఆమోదం వచ్చాకే ఎంట్రీ వేశాను. అంతకుముందు పంచదగ్గ నిల్వలు ఎంతున్నాయో లెక్క కట్టేటప్పుడు, ఎవరూ గుర్తు చేయకుండానే ఆ 5 లక్షలు పక్కకు తీసేశాను.