కడాహ్ ప్రసాదం: రెండు చేతులూ చాచాలి

కర్నూలు నుంచి హైదరాబాద్ మీదుగా నాందేడ్‌లోని సిక్కుల గురుద్వారా హజూర్ సాహిబ్‌కు వెళ్లే మనవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది అక్కడ పంచే హల్వా, కడాహ్ ప్రసాదం సంగతి. 1708లో సిక్కుల పదో గురువు గురు గోవింద్ సింగ్ తనువు చాలించిన చోటది, సిక్కుల ఐదు తఖ్తుల్లో (మతాధికార పీఠాల్లో) ఒకటి.

చెప్పులు విడిచి, కాళ్లూ చేతులూ కడుక్కుని, తలకు గుడ్డ కట్టుకోవాలి, ఆడైనా మగైనా. జేబులో బీడీ, సిగరెట్ ఉండకూడదు. లోపల విగ్రహం ఉండదు. 1430 పుటల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబే గురువు. నేలకు నుదురు ఆనించి మొక్కి, గ్రంథం వైపు కాళ్లు చాపకుండా కూర్చోవాలి.

ఇక ప్రసాదం. గోధుమపిండి, నెయ్యి, చక్కెర సమాన తూకం. పావుకిలో చొప్పున తీసుకుంటే ముప్పావు లీటరు నీళ్లు. చక్కెర నీళ్లు ఒక పొయ్యి మీద మరుగుతుండాలి. ఇంకోదాని మీద నేతిలో పిండిని సన్న సెగన, గరిట ఆపకుండా, ఎర్రగా వేయించాలి. తొందరపడితే పచ్చివాసన పోదు. సెగ పెంచితే అడుగంటి చేదొస్తుంది. చక్కెర నీళ్లు పోసేటప్పుడు పైకి చిమ్ముతాయి, కాస్త దూరంగా నిలబడండి. చల్లటి నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. అంచుల్లో నెయ్యి తేలాక దించాలి. వండేవాళ్లు గురువాణి (గ్రంథంలోని కీర్తనలు) చదువుతూనే ఉంటారు. అర్దాస్ ప్రార్థన అయ్యాక ప్రసాదానికి కృపాణ్ (చిన్న కత్తి) తాకించి, ముందు గురు గోవింద్ సింగ్ మొదట దీక్ష ఇచ్చిన ఐదుగురు ప్రియుల వాటా తీసి, తర్వాత అందరికీ ఒకే తీరుగా పంచుతారు.

మన గుళ్లలోలా కుడిచేయి ఒక్కటే చాపకండి. రెండూ కలిపి దోసిలి పట్టాలి. తర్వాత లంగరు (అందరికీ ఉచితంగా పెట్టే భోజనం) పంక్తిలో రొట్టెనూ అలాగే అందుకోవాలి. తినగలిగినంతే పెట్టించుకోండి.