అటక మీది పోస్టర్ల చుట్ట

ఇవాళ అటక మీంచి పాత సినిమా పోస్టర్ల చుట్ట దించా, ఇంక ఇల్లు సర్దడం అక్కడితో ఆగిపోయింది. చిన్నప్పుడు గురువారం రాత్రి సైకిల్‌కి నిచ్చెన కట్టుకుని, మైదా జిగురు బకెట్ తగిలించుకుని పోస్టర్లు అంటించే అన్న మా వీధికి వచ్చేవాడు, వెనకాలే తిరిగి తిరిగి ఒక్కటివ్వన్నా అని బతిమాలితే ఎప్పుడో ఒకసారి అంచు చిరిగిందో మిగిలిపోయిందో చేతిలో పెట్టేవాడు. గోడ మీద ఆరాక పీకితే ముక్కలే వస్తాయి మరి. ఆరు షీట్ల పోస్టర్‌లో నాకు దొరికింది ఒక్క షీటే, హీరో నుదురు, కళ్ళు అంతే, అయినా ఇప్పటికీ దాచుకున్నా.

మూలలో పోస్టర్ డిజైనర్ ఈశ్వర్ పేరుంటే ఇంక ప్రాణమే. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్ళి 1967లో 'సాక్షి' సినిమాతో మొదలెట్టిన మనిషి, ఆ టైటిల్ అక్షరాల వంపు చూస్తూ ఎంతసేపైనా ఉండిపోవచ్చు. 2021లో ఆయన పోయారని తెలిసిన రోజు ఇవన్నీ నేల మీద పరుచుకుని కూర్చున్నా.

ఒకదాని వెనకాల నాన్న చేతిరాతలో ఆ నెల పాల లెక్క ఉంది. ఫ్రేమ్ కట్టిద్దామని తీసుకెళ్తే షాపాయన వెనక అట్ట అంటించేస్తా అన్నాడు, వద్దులెండి అని తెచ్చేసుకున్నా. రెండు వైపులా గ్లాస్ వేసి కట్టేవాళ్ళు ఎవరైనా తెలిస్తే చెప్పండి ప్లీజ్.